రాత్రంతా ఛార్జింగ్‌తో కాదు, దిండు కింద ఛార్జింగ్‌తోనే గొడవ

మీరు అడిగినవి నాలుగు సంగతులు. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటున్న మీ అమ్మగారి ఫోను ఎండలు ముదిరినప్పటి నుంచి చేతికి కాలుతోంది. వెనక మూత ఒక పక్క లేచినట్టు కనిపిస్తోంది. ఆవిడ రాత్రంతా ఛార్జింగ్‌లోనే ఉంచుతారు. మీరేమో రేడియేషన్ భయంతో ఫోను తలకు దూరంగా పెట్టుకోమని పోరుతున్నారు. వీటిలో ముందు దేనికి భయపడాలని మీ ప్రశ్న.

వెనక మూతకు. మిగిలినవి తరువాత చూసుకోవచ్చు.

నేను ముందు గుంటూరు అరండల్‌పేటలో, తరువాత విజయవాడ గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే పని చేశాను, ఇప్పటికీ అదే పని. మా బల్ల మీదికి వచ్చే ఫోన్లను చూస్తే ఒకటి అర్థమవుతుంది. జనం భయపడే కారణాలు వేరు, ఫోన్లు నిజంగా పాడయ్యే కారణాలు వేరు.

మూత లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని దాదాపు ఖాయం. ఫోను బ్యాటరీ గట్టి డబ్బా కాదు, పలచటి రేకు సంచి. వేడికో, వయసుకో, నాసిరకం ఛార్జరుకో లోపలి ద్రవం విడిపోయి గ్యాసు పుడుతుంది. బయటికి పోయే దారి లేక సంచి పూరీలా పొంగుతుంది. పొంగి వెనక మూతనైనా నెడుతుంది, ముందున్న డిస్‌ప్లేనైనా నెడుతుంది. కవరు తీసి అంచు వెంబడి వేలిగోరు పెట్టి చూడండి. ఒకచోట గోరు దూరి మరోచోట దూరకపోతే, లేదా తెర నడుమ తెల్లటి మచ్చ కనిపిస్తుంటే అనుమానమే అక్కర్లేదు.

ఇక చేయవలసింది ఇది. ఛార్జింగ్ నుంచి తీసేయండి, ఫోను ఆపేయండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టవద్దు. లేచిన మూతను అరచేత్తో నొక్కి మూసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది, సరిగ్గా అదే చేయకూడదు. లోపల రెండు పొరల మధ్య సన్నటి ప్లాస్టిక్ తెర ఉంటుంది. అది చిరిగితే రెండు పొరలు కలిసి షార్టవుతాయి, మంట అక్కడ పుడుతుంది. సూదితో గాలి తీసేద్దామని ఒక పెద్దాయన అన్న మాట నేను చెవులారా విన్నాను. సంచికి చిల్లు పడితే ముందు తియ్యటి ఘాటు వాసన వస్తుంది, ఆ వెంటనే పొగ. అలాంటి వాసన వస్తే ఫోను దగ్గర ఎవరూ ఉండకూడదు. దుకాణానికి తీసుకెళ్లేదాకా దాన్ని పరుపు మీదో బట్టల బీరువాలోనో పెట్టకుండా గచ్చు మీద, కర్టెన్లకు దూరంగా ఉంచండి. చల్లబరచడానికి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా పెట్టి బయటికి తీసినప్పుడు లోపల తేమ చేరి, ఉన్న జబ్బుకు ఇంకో జబ్బు తోడవుతుంది.

రాత్రంతా ఛార్జింగ్ గురించి అనవసరంగా బెంగ పెట్టుకున్నారు. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ నిండగానే కరెంటును ఆపేసే చిప్పు ఉంటుంది, ఎక్కువ ఎక్కి పేలిపోవడమంటూ ఉండదు. అసలు గొడవ ఫోను ఎక్కడ పడుకుందన్నది. దిండు కింద, దుప్పటి మడతలో, మందపాటి రబ్బరు కవరుతో పరుపు మీద ఉంటే వేడి పోవడానికి దారి లేదు. నిండుగా ఉన్న బ్యాటరీ వేడిగా కూడా ఉంటే దానికి అంతకన్నా చెడ్డ స్థితి లేదు. ఉబ్బిన బ్యాటరీతో వచ్చిన వాళ్లను రాత్రి ఫోను ఎక్కడ పెడతారని అడుగుతుంటాను. చాలామంది చెప్పేది దిండు పక్కన అనే. చెక్క బల్ల మీదో గచ్చు మీదో, కవరు తీసి పెట్టమనండి. చాలా ఫోన్లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంది. సాంసంగ్‌లో బ్యాటరీ సెట్టింగుల్లో దొరుకుతుంది, ఐఫోన్ 15 నుంచి ఆపిల్ కూడా ఇచ్చింది. ఇంట్లోనే ఉండే పెద్దవాళ్లకు 80 శాతం బాగా సరిపోతుంది.

మన ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలి. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ రాసింది. మే నెలలో కొన్ని రోజులు బెజవాడ నీడలోనే 42, 43 చూపిస్తుంది. అంటే మనం ఆ హద్దును దాటేసే బతుకుతున్నాం. దాని మీద ఎండలో నిలిపిన కారు అద్దం ముందు ఫోను వదిలేస్తే అక్కడి వేడి 60 దాటడం వింతేమీ కాదు. స్కూటర్ సీటు కింది పెట్టె కూడా అలాంటిదే. కింద ఇంజను, పైన ఎండ. వినాయకుడి గుడి దగ్గర బండి పెట్టి, ఫోను సీటు కింద దాచి కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుని వస్తే, ఆ లోపల దానికి అగ్నిపరీక్షే. వేడెక్కిన ఫోనును వెంటనే ఛార్జింగ్ పెట్టకండి. కవరు తీసి, ఫ్యాను కింద కాసేపు వదిలేస్తే చాలు.

బండి హ్యాండిల్‌కు ఫోను బిగించుకుని తిరిగే కుర్రాళ్లకు ఇంకొక మాట. ఎండ, మ్యాపు, ఛార్జింగ్ మూడూ కలిస్తే ఏమవుతుందో తెలిసిందే. దానికి తోడు ఇంజను అదురుకు కెమెరా లోపల బొమ్మ కదలకుండా పట్టే సున్నితమైన భాగం దెబ్బతింటుంది. ఈ సంగతి ఆపిల్ 2021లోనే హెచ్చరికగా రాసింది. కెమెరా తెరవగానే బొమ్మ వణుకుతోందని వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం ఈ హ్యాండిలే.

ఛార్జరు విషయంలో నేను కాస్త మొండివాడిని. చవక ఛార్జరు విప్పి చూస్తే 230 వోల్టుల వైపుకీ, ఫోనుకు వెళ్లే 5 వోల్టుల వైపుకీ మధ్య ఉండాల్సిన ఎడం ఉండదు. ఆ రెండూ కలిశాయంటే గోడలోని కరెంటు తిన్నగా చేతికి వస్తుంది. లోహపు అంచున్న ఫోను ఛార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే సన్నగా జిల్లుమనడం మంచి రెండు పిన్నుల ఛార్జర్లలోనూ ఉంటుంది, అది మామూలే. చెయ్యి వెనక్కి లాక్కునేంతగా కొడితే ఆ ఛార్జరును ఆ రోజే పారేయండి. తడికాళ్లతో నిలబడి, ఛార్జింగ్‌లో ఉన్న ఫోనుకు వైరు ఇయర్‌ఫోన్లు తగిలించి మాట్లాడటం మాత్రం ఏ ఛార్జరుతోనూ వద్దు. కొనేటప్పుడు ఛార్జరు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ తయారీదారుదో కనిపిస్తుంది. బ్యాటరీకీ ఇదే పరీక్ష. పాత ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించేటప్పుడు, అసలు బ్యాటరీ కన్నా ఎంతో ఎక్కువ సామర్థ్యం ముద్రించి ఉంటే సంతోషించకండి. అదే సైజు సంచిలో అంత ఎక్కువ పట్టదు.

మీరు సింగ్‌నగర్ అన్నారు కాబట్టి నీళ్ల సంగతి. 2024 సెప్టెంబరులో ఆ ప్రాంతాన్ని ముంచిన బుడమేరు వరద తగ్గాక మా బల్ల నిండా బురద ఫోన్లే. వాటిలో బతికినవి ఎక్కువగా తడవగానే ఆపేసినవి. ఆరిందో లేదో చూద్దామని మధ్యమధ్యలో ఆన్ చేసినవి, ఛార్జింగ్ పెట్టి చూసినవి చాలా మటుకు పోయాయి. నీరు ఒక్కటే ఉంటే బోర్డు కొంతకాలం తట్టుకుంటుంది. నీటితో పాటు కరెంటు ఉంటే గంటల్లో పచ్చటి తుప్పు పడుతుంది. కాబట్టి ఆపండి, సిమ్ ట్రే బయటికి లాగండి, విప్పి శుభ్రం చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా తవుడు, నూకలు ఛార్జింగ్ పిన్నులో చేరతాయి. బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కూడా చెప్పింది. నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు ఉన్న ఫోన్లకు కూడా ఆ పరీక్ష మంచినీటిలో చేసిందే, అదీ కొత్త ఫోనుకు. ఒకసారి విప్పి బిగించాక ఆ భరోసా మీద కృష్ణలో మునకలు వేయించకండి.

గుంటూరులో ఉన్నప్పుడు మిర్చి యార్డు గుమస్తాల ఫోన్లు చూసేవాడిని. సీజనులో స్పీకరు జాలి, ఛార్జింగ్ పిన్ను ఎర్రటి పొడితో పూడిపోయి వచ్చేవి. పిన్ను విప్పగానే మేమంతా తుమ్ములు. దుమ్ము చోట్ల పనిచేసేవారికి నా సలహా ఒక్కటే: నోటితో ఊదవద్దు, పిన్నీసు పెట్టి గెలకవద్దు. ఊదితే తడి చేరుతుంది, పిన్నీసు లోపలి కాంటాక్టులను వంచేస్తుంది. ఫోను ఆపి, చెక్క పుల్లతో మెల్లగా పైకి లాగితే పొడి ఉండలా వచ్చేస్తుంది.

రేడియేషన్ అన్నారు. ఫోను రేడియేషన్ ఒంట్లోకి ఎంత చేరవచ్చన్నదానికి మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి శరీర కణజాలం కిలోకు 1.6 వాట్ల హద్దు ఉంది. చాలా ఫోన్లలో *#07# నొక్కితే మీ ఫోనుది ఎంతో కనిపిస్తుంది. మీకు ఇంకా దిగులుగా ఉంటే అమ్మగారిని స్పీకరు పెట్టి మాట్లాడమనండి. ఆ ధ్యాసలో సగం దిండు మీద పెడితే నాకు సంతోషం.

బాగుచేయించడానికి ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసి దగ్గర పెట్టుకోండి. మా వృత్తివాడినై ఉండి కూడా చెబుతున్నాను, బ్యాటరీ మార్చడానికి తెర తాళం నంబరు అవసరం లేదు. అడిగితే ఎందుకని అడగండి. సాంసంగ్‌లో, పిక్సెల్‌లో మరమ్మతుకు ఇచ్చేటప్పుడు మీ ఫొటోలు, యాప్‌లు కనిపించకుండా చేసే ప్రత్యేక మోడ్ ఉంది, అది వేసి ఇవ్వండి. *#06# నొక్కి వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరును, అంటే ఫోను గుర్తింపు నంబరును, ఇంట్లో డైరీలో రాసి పెట్టండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో ఆ నంబరుతోనే ఫోనును పనికిరాకుండా చేయించాలి. ఆన్లైన్ మోసంలో డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేవి) నొక్కవద్దని అమ్మగారికి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పండి. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు.

చివరగా, బ్యాటరీ మార్చాలా, ఫోనే మార్చాలా? ఫోను సెట్టింగుల్లో భద్రతా అప్‌డేట్ తేదీ చూడండి. అది రెండు మూడేళ్ల నాటిదై, ఆవిడ అందులోనే బ్యాంకు, యూపీఐ వాడుతుంటే కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టవద్దనే అంటాను. తేదీ ఈ మధ్యదే అయితే నిక్షేపంగా మార్పించండి, కాకపోతే మీ కళ్ల ముందే విప్పమనండి. ఉబ్బిన పాత బ్యాటరీని మాత్రం జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోకండి, చెత్తబుట్టలోనూ వేయకండి, దుకాణంలోనే వదిలేయండి. మోడలు, ఆ తేదీ ఇక్కడ రాస్తే ఏది లాభమో చెబుతాను.