టూలూజ్‌లో పెరగని బరువు డాలస్‌లో ఎందుకు పెరిగింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. ఎత్తు 170 సెంటీమీటర్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో మూడేళ్లు ఉన్నాను. రోజూ బ్రెడ్డు, వెన్న, చీజ్ తిన్నా 66 కిలోలు దాటలేదు. రెండేళ్ల కిందట కుటుంబంతో డాలస్‌కి మారాం. ఇక్కడ చాలావరకు ఇంటి వంటే తింటున్నా. అయినా 75 కిలోలకు వచ్చాను. ఇక్కడి డాక్టర్ ‘కొంచెం ఓవర్‌వెయిట్, అంతే’ అన్నారు. థైరాయిడ్ ఏమైనా వచ్చిందా? లేక ఫ్రాన్స్ తిండిలోనే ఏదైనా మహిమ ఉందా? అక్కడ మెట్రో దిగి పావుగంట నడిచి ఆఫీసుకి వెళ్లేవాణ్ని. ఇల్లు నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. ఇక్కడ గుమ్మం దాటితే కారే. హైదరాబాద్ టీమ్‌తో కాల్స్ ముగించుకుని పడుకునేసరికి రాత్రి ఒంటిగంట.
– ఓ పాఠకుడు, టెక్సస్

జవాబు: మీరు చివర్లో రాసిన రెండు మూడు వాక్యాలు చాలు, సగం జవాబు వాటిలోనే ఉంది. ముందు థైరాయిడ్ సంగతి తేల్చేద్దాం. టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి, తప్పేం లేదు. కానీ థైరాయిడ్ హార్మోన్ తగ్గినంత మాత్రాన మామూలుగా పెరిగేది రెండు నుంచి ఐదు కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరే ఉప్పూ నీరే. తొమ్మిది కిలోలకు అది ఒక్కటే కారణం కావడం అరుదు.

తొమ్మిది కిలోలు పెరగడానికి రోజూ విందులు చేసుకోనక్కర్లేదు. ఖర్చు కన్నా రోజుకు రెండు మూడు వందల కేలరీలు మిగిలితే చాలు, రెండేళ్లలో అంత బరువు ఎక్కేస్తుంది. ఈ లెక్కతో మీ రోజు చూడండి. టూలూజ్‌లో రానూ పోనూ అరగంట నడక, పైగా నాలుగంతస్తుల మెట్లు. వంద కేలరీలకు పైగా ఖర్చు. దాన్ని మీరు వ్యాయామం అనుకుని ఉండరు, ఆఫీసుకి వెళ్లడం అనుకున్నారు. డాలస్‌లో అది మొత్తం పోయింది. ఇక కాఫీ. ఫ్రాన్స్‌లో కాఫీ అంటే అరచేతిలో ఇమిడే కప్పులో రెండు గుక్కలు, పక్కన ఒక చక్కెర బిళ్ల. ఇరవై కేలరీలు ఉంటే గొప్ప. అమెరికాలో కారు కిటికీలోంచి అందుకునే పెద్ద గ్లాసు, పాలు, సిరప్ కలిపిన కాఫీలో 250 కేలరీలు సులభంగా ఉంటాయి. దాన్ని మనం తిండి కింద లెక్కెయ్యం, కాఫీయే కదా అనుకుంటాం!

ఫ్రాన్స్ తిండిలో మహిమ ఏమీ లేదు. వెన్న అక్కడా వెన్నే. తేడా అంతా ఎంత వడ్డిస్తారు, ఎంతసేపు తింటారు, రోజుకు ఎన్నిసార్లు తింటారు అన్న దగ్గరే. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ పాల్ రోజిన్, ఆయన సహచరులు ఒక పని చేశారు. పారిస్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒకే తరహా హోటళ్లకు వెళ్లి, వడ్డించినదాన్ని తూకం వేశారు. 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. సగటున పారిస్‌లో 277 గ్రాములు, ఫిలడెల్ఫియాలో 346 గ్రాములు. అంటే పావు వంతు ఎక్కువ. సూపర్‌మార్కెట్‌లో పెరుగు కప్పు అక్కడ 125 గ్రాములు, ఇక్కడ 227. మెక్‌డొనాల్డ్స్‌లో కూర్చున్నవాళ్లను గమనిస్తే పారిస్‌వాళ్లు సుమారు 22 నిమిషాలు తింటే, ఫిలడెల్ఫియావాళ్లు 14 నిమిషాల్లో లేచిపోయారు. తక్కువ తిండిని ఎక్కువసేపు తిన్నారన్నమాట. కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. పద్నాలుగు నిమిషాల్లో లేచేవాడికి ఆ కబురు కార్లో కూర్చున్నాక అందుతుంది.

టూలూజ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర అయితే మీ ఆఫీసువాళ్లందరూ కలిసి క్యాంటీన్‌కి వెళ్లడం మీరు చూసే ఉంటారు. ముందు కాస్త క్యారెట్ తురుము, తర్వాత అసలు వంటకం, చివర్లో ఆ చిన్న పెరుగు కప్పో పండో. ఇది వాళ్ల మంచి అలవాటు అనుకుంటే సగమే నిజం, చట్టం కూడా వెనకుంది. పని చేసే చోట భోజనం చేయనివ్వకూడదని అక్కడి కార్మిక చట్టంలోనే ఉంది. కోవిడ్ సమయంలో మాత్రం సడలించారు. బడుల్లో చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు అమ్మే మెషీన్లను 2005 సెప్టెంబరు నుంచి తీసేశారు. 2012లో కూల్‌డ్రింకుల మీద పన్ను వేశారు. 2017 నుంచి హోటళ్లలో వాటిని ఉచితంగా మళ్లీ మళ్లీ గ్లాసులో నింపుకునే ఏర్పాటును నిషేధించారు. పిల్లలకు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ‘గూతే’ అని ఒక చిరుతిండి ఉంటుంది, అది అయ్యాక రాత్రి భోజనం దాకా ఇంకేమీ లేనట్టే. మన అమ్మమ్మలు బడి నుంచి వచ్చిన పిల్లలకు ఏ జంతికో చేతిలో పెట్టి ‘ఇక అన్నం వేళ దాకా అడక్కు’ అనడం లాంటిదే.

అమెరికాలో తిండికి వేళాపాళా ఉండదు. కారులో, మీటింగులో, డెస్కు దగ్గర, పెట్రోలు బంకులో ఎక్కడ చూసినా ఏదో ఒకటి నోట్లో వేసుకోవచ్చు. అందులో చాలావరకు ఫ్యాక్టరీలో తయారైన తిండి. అమెరికన్లు తినే కేలరీల్లో సగానికి పైగా దీని నుంచే వస్తున్నాయి. 2019లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానంగానే సమకూర్చారు. తినగలిగినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లోనే కిలో వరకు పెరిగారు.

అలాగని ఫ్రాన్స్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1997లో అక్కడ పెద్దవాళ్లలో 8.5 శాతం ఉన్న ఊబకాయం 2020 నాటికి 17 శాతమైంది. అమెరికా 40 శాతం పక్కన అది తక్కువే, కానీ రెట్టింపయింది. కొందరు నన్ను అడుగుతుంటారు, ‘వైన్ తాగడం వల్లే వాళ్లు సన్నగా ఉంటారట కదా’ అని. వైన్ వల్లే వాళ్లకు గుండెజబ్బులు తక్కువన్న మాట 1990ల్లో ప్రచారంలోకి వచ్చింది, అది సన్నబడడం గురించిన మాట కాదు. మద్యం వల్ల ఫ్రాన్స్‌లో ఏటా దాదాపు 41 వేల మంది చనిపోతున్నారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్కే చెబుతోంది. సిగరెట్లు కూడా అమెరికన్ల కన్నా వాళ్లే ఎక్కువ తాగుతారు. ఆ రెండూ వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

ఇక మీ ఇంటి వంట. వంట ఇంటిదే, తినే పద్ధతి మాత్రం అమెరికాది అయిందేమో చూసుకోండి. లాప్‌టాప్ ముందు పెట్టుకుని తింటే ఎన్నిసార్లు అన్నం వడ్డించుకున్నారో గుర్తుండదు. రాత్రి ఎనిమిదికి భోజనం, పదకొండుకి కాల్ మధ్యలో మిక్చర్ డబ్బా, పిల్లల కంచంలో మిగిలిన చపాతీ ముక్క, శనివారం తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ‘ఒక్క గారె వేసుకోండి’ అన్న పాపానికి మూడు గారెలు. నిలబడి తిన్నది ఒంటికి పట్టదని మన నమ్మకం కాబోలు.

నిద్ర గురించి ఎవరూ అడగరు కానీ, మీ విషయంలో నేను మొదట పట్టుకునేది అదే. ఆరున్నర గంటల కన్నా తక్కువ నిద్రపోతున్న, బరువు ఎక్కువున్న యువతీయువకులకు షికాగో యూనివర్సిటీ పరిశోధకులు గంటకు పైగా నిద్ర పెంచి చూశారు. తిండి మార్చమని ఒక్క మాట కూడా చెప్పలేదు. రోజుకు 270 కేలరీలు వాటంతటవే తగ్గాయి. 2022లో వచ్చిందీ ఫలితం. మీకు అదనంగా మిగులుతున్నాయని నేను వేసిన లెక్కకు ఇది దాదాపు సరిపోయింది.

మీ డాక్టర్ మాటతో నేను ఒక్కచోట ఏకీభవించను. మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే కొలత, టూలూజ్‌లో 22.8, ఇప్పుడు 26. అమెరికా కొలత ప్రకారం అది ‘కొంచెం ఎక్కువ’. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. అదే బీఎంఐకి తెల్లవాళ్ల కన్నా మనకు పొట్టలో కొవ్వు ఎక్కువ చేరుతుంది, షుగర్ పదేళ్లు ముందే వస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆసియా మూలాలున్నవాళ్లకు 23 నుంచే షుగర్ పరీక్ష చేయమంటోంది. టేపు తీసుకుని నడుము కొలవండి. 90 సెంటీమీటర్లు దాటితే తేలిగ్గా తీసుకోకండి.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, టూలూజ్ దినచర్యను డాలస్‌కి తెచ్చుకోండి. మధ్యాహ్నం లాప్‌టాప్ మూసేసి ఇరవై నిమిషాలు బల్ల దగ్గర కూర్చుని తినండి. సాయంత్రం ఒక్కసారి ఏదైనా చిరుతిండి. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, పావుగంట నడిచాకే కాల్స్ మొదలుపెట్టండి. ఎండాకాలంలో బయట నడవలేకపోతే ఏదైనా మాల్‌లో నడవండి. కాల్స్‌లో పల్చటి మజ్జిగో చక్కెర లేని టీయో చాలు. వారంలో మూడు రోజులైనా కాల్స్ పదిన్నరకే ముగిసేలా టీమ్‌తో మాట్లాడుకోండి. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గితే నాకు సంతోషం. షుగర్ అంచున ఉన్నవాళ్లు ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో తేల్చింది కూడా అమెరికావాళ్లే.

టీఎస్‌హెచ్‌తో పాటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 దాటితే ఆలస్యం చేయకుండా మీ డాక్టర్‌ని కలవండి. స్టెరాయిడ్లు గానీ డిప్రెషన్‌కి మందులు గానీ వాడుతుంటే వాటి పేర్లు కూడా ఆయనకు చెప్పండి, కొన్నింటి వల్ల బరువు పెరుగుతుంది. నిద్రలో గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని ఇంట్లోవాళ్లని అడగండి. అవునంటే స్లీప్ స్టడీ కూడా చేయించుకోవాలి.