పిలవని విందుకు బయలుదేరిన మా కార్తీక్‌కు

చిరంజీవి కార్తీక్‌కు మీ పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

ఊరి బయట దయ్యాలున్నాయని పేరుపడ్డ పాత బంగళాలో, దయ్యాల వేషాలు వేసుకొని చేసుకునే హాలోవీన్ పండుగ విందుకు, ఆ ఇంటివారు పిలవకపోయినా, స్నేహితులతో కలిసి బేతాళుడి వేషంలో వెళ్లబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తెనాలిలో చీకటి పడితే పెరట్లోకి వెళ్లడానికి నా కొంగు పట్టుకొని నడిచిన పిల్లవాడు ఇప్పుడు పరాయి దేశంలో అర్ధరాత్రి భూతాల కొంపలో అడుగు పెడతానంటున్నాడని వినగానే గర్వపడ్డాను. అక్కడివారెవరూ ఎరుగని మన బేతాళుణ్ణి ఎంచుకున్నందుకు మరీ సంతోషించాను. కానీ పిలుపు లేదన్న సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందుగా చెబుతాను. గుమ్మడికాయల్లో దీపాలు వెలుగుతుంటాయి కనుక పంచె నేలమీద జీరాడనివ్వకు. పాత ఇళ్ల చెక్కమెట్లు పుచ్చి ఉంటాయి, గుంపుగా ఎక్కవద్దు. ఫోను నిండుగా చార్జి చేసుకో. చేతిలో బొమ్మకత్తి గానీ బొమ్మతుపాకీ గానీ ఉండకూడదు.

ఇక అసలు సంగతి. అమెరికాలో నీవు చదువుకుంటున్న బేటన్ రూజ్ నగరంలోనే 1992 అక్టోబరు 17న యోషిహిరో హత్తోరి అనే పదహారేళ్ల జపాన్ విద్యార్థి, తనకు ఆశ్రయమిచ్చిన కుటుంబంలోని కుర్రవాడితో కలిసి హాలోవీన్ విందుకు బయలుదేరాడు. వాళ్లకు పిలుపు ఉంది. వాళ్లు చేసిన పొరపాటల్లా అదే వీధిలో, నంబరులోని అంకెలు అటూ ఇటూ అయిన మరో ఇంటి గంట మోగించడమే. ఆ ఇంటిముందు కూడా హాలోవీన్ అలంకరణలే ఉన్నాయి. పక్క తలుపు తీసిన ఇల్లాలు వాళ్లను చూసి బెదిరిపోయి, తుపాకీ తెమ్మని భర్తను కేకేసింది. కదలవద్దని ఆయన అరిచినా, తెల్లసూటు వేసుకున్న ఆ పిల్లవాడు విందుకు వచ్చామని చెబుతూ ముందుకే నడిచాడు. ఒక్క గుండు అతని ప్రాణం తీసింది. కాల్చిన మనిషిని 1993 మే నెలలో జ్యూరీ నిర్దోషి అన్నది. కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులు తుపాకులను అదుపు చేయాలని జపాన్‌లో పది లక్షలకు పైగా సంతకాలు సేకరించి, అదే ఏడాది నవంబరులో అధ్యక్షుడు క్లింటన్‌ను కలిశారు.

అప్పటికి నేను హ్యూస్టన్‌లో కొత్తగా కాపురం పెట్టాను. ఆ ఏడు హాలోవీన్ రాత్రి, మిఠాయిలు అడగడానికి వేషాలతో ఇంటింటికీ వచ్చే పసివాళ్లెవరూ మా తలుపు తట్టే పని లేకుండా, నేనూ మీ మామయ్యా మిఠాయిల గిన్నె పట్టుకొని వాకిట్లోనే కూర్చున్నాము. ఇప్పటికీ అలాగే కూర్చుంటున్నాము.

పిలిచిన పిల్లవాడికే ఆ గతి పడితే, ముసుగు వేసుకొని, పిలుపు లేకుండా, చీకట్లో వెనుకదారిన చొరబడే నీ మాటేమిటని ఒక్క క్షణమైనా ఆలోచించావా? పుట్టింటికైనా పిలవకుండా వెళ్లిన దాక్షాయణి కథ నీకు నేనే కదా చెప్పాను! అనుమతి లేకుండా ఒకరి ఆవరణలో అడుగు పెట్టడం అక్కడ నేరం. అరెస్టయితే విద్యార్థి వీసాకే ముప్పు రావచ్చు. నిన్ను దయ్యాలు ఏమైనా చేస్తాయన్న దిగులు నాకు లేదు నాయనా, నిన్ను చూసి భయపడే మనిషి చేతిలో ఏముంటుందోనన్నదే నా దిగులు.

కోప్పడ్డానని నొచ్చుకోకు. నీ సరదా చెడగొట్టాలని నాకు లేదు. ఆ విందు ఇస్తున్నది ఎవరో కనుక్కొని, రావచ్చా అని నేరుగా అడుగు. రమ్మంటే చిరునామా రాతపూర్వకంగా తెప్పించుకో. ముందు వాకిలి దీపం వెలుగుతున్న ఇంటికే వెళ్లు, గుమ్మం చేరకముందే ముసుగు తీసి చేతులు కనబడేలా నిలబడు. ఎవరైనా ఆగమంటే మాట పూర్తి చేయాలని చూడక ఉన్నచోటనే ఆగిపో.

వాళ్లు వద్దంటే నీకు దగ్గరలోనే సెయింట్ ఫ్రాన్సిస్‌విల్‌లో మర్టిల్స్ అనే పాత భవనం ఉంది. టికెట్టు కొంటే లోపలంతా తిప్పి చూపిస్తారు, రాత్రి బస కూడా ఉంది. అక్కడ ఎన్నో హత్యలు జరిగాయని కథలు చెబుతారు గానీ, ఆధారం దొరికేది 1871లో వరండాలో తుపాకీ గుండుకు బలైన విలియం వింటర్ మరణానికే. నీ స్నేహితులందరి టికెట్ల డబ్బూ నేను పంపిస్తాను, బేతాళుడి వేషంలోనే వెళ్లు. ఆ బంగళావారు ఏమన్నారో శుక్రవారం లోపల నాకు ఫోను చేసి చెప్పు.

మీ పెద్దత్త