కుంగిన మెట్లు బాగు చేయించాలా, ధర తగ్గించాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. టీచరుగా రిటైరయ్యాను. 2006లో కొన్న ఇల్లు అమ్మి విశాఖలో మా అబ్బాయి దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం. 38 లక్షల దగ్గర బేరం నడుస్తోంది. వీధి వైపు సిమెంటు మెట్లు ఒక పక్కకు కుంగి, గోడకూ మెట్లకూ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. పగలగొట్టి కొత్తవి కట్టడానికి మేస్త్రీ 45 వేలు అడిగాడు. బ్రోకరేమో ఖర్చెందుకు, లక్ష తగ్గించండి అంటున్నాడు. బంగారం తాకట్టు పెట్టి చేయించనా? ఆ ఖర్చుకు పన్నులో మినహాయింపు ఉంటుందా?

జవాబు: మాస్టారూ, ముందు గోడలు చూడండి. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా బీటలు ఉన్నా, తలుపులు కొత్తగా బిగుసుకుంటున్నా మెట్ల జోలికి పోకుండా ఇంజినీరును పిలవండి. అలాంటివేమీ లేకపోతే కుంగింది మెట్లే, ఇల్లు కాదు. మన వైపు చాలా ఇళ్లలో పునాది అయ్యాక పక్కన పూడ్చిన మట్టి మీదే మెట్లు పోసేస్తారు. డాబా గొట్టం నీళ్లు అక్కడే పడుతుంటే ఆ మట్టి ఏటా కొంత కొట్టుకుపోతుంది.

కొనేవాడికి ఇదంతా తెలియదు. సందు చూడగానే పునాదే పోయిందనుకుంటాడు. లక్షతో ఆగుతాడని బ్రోకరు ఎలా చెప్పగలడు? బేరం త్వరగా తెగితే ఆయన కమిషన్ ఆయనకు వస్తుంది, అంతే. నా మాట, 45 వేలు పెట్టండి. ముందు గొట్టం నీళ్లు దూరంగా పోయేలా చేయించి, మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, కింద బెడ్ కాంక్రీటు వేయించండి. మెట్ల ఎత్తు అన్నిటికీ సమానంగా ఉండాలి. గ్రానైట్ వద్దు, వానలో జారుతుంది, పెట్టిన డబ్బూ రాదు. వానలు తగ్గి నేల ఆరాకే పని మొదలుపెట్టండి.

సందులో సిమెంటు కూరి రంగు వేసేద్దాం అని ఎవరైనా అంటే వినకండి. పైకి కనిపించని పెద్ద లోపం అమ్మేవారికి తెలిసుంటే కొనేవారికి చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే అంటోంది. తవ్వినప్పుడు ఫొటోలు తీసి ఉంచితే, కొనేవాడికి చూపించొచ్చు.

పన్ను మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. అతుకులు వేయించడం మామూలు మరమ్మతే, ఇల్లు అమ్మగా వచ్చిన లాభంలోంచి తీసేయడానికి ఒప్పుకోరు. కొత్తగా కట్టిస్తే బిల్లులు చూపి ఇంటి మెరుగుదల ఖర్చుగా అడగొచ్చు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి ఇండెక్సేషన్ (కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెంటిలో ఏది తక్కువైతే అదే మీ పన్ను. 12.5 శాతమే అనుకుంటే 45 వేలకు పన్నులో మిగిలేది సుమారు 5,600. అమ్మిన రెండేళ్లలోగా విశాఖలో మీ పేరున ఫ్లాటు కొంటే, లాభంలో అందులో పెట్టిన మేరకు పన్నే ఉండదు.

బంగారం మాత్రం కదపకండి. పొదుపు ఖాతాలో అంత లేకపోతే, రిజిస్ట్రేషన్‌లోగా మెట్లు కట్టించి ఇస్తానని అగ్రిమెంటులో రాసి, బయానా డబ్బుతో పని చేయించండి. ఆ బయానా చెక్కుగానో బ్యాంకు ద్వారానో తీసుకోండి, 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు.