9 వోల్టుల బ్యాటరీకి కలపగానే ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది, తప్పు ఎక్కడ జరిగింది?

మీ ప్రశ్న చదివానండి. ఏడో తరగతి చదువుతున్న మీ పాప సైన్స్ ప్రాజెక్టు కోసం గుంటూరులో ఎర్ర ఎల్‌ఈడీలు, 9 వోల్టుల బ్యాటరీ, బ్రెడ్‌బోర్డ్ (భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలక) కొన్నారు. రెండు వైర్లతో నేరుగా కలిపితే మొదటి ఎల్‌ఈడీ ధగ్గుమని వెలిగి ఆరిపోయింది, రెండోది కూడా అంతే. బ్యాటరీ మంచిది కాదా, ఎల్‌ఈడీలు నాసిరకమా అని అడిగారు. రెండూ కాదండి. మీ సర్క్యూట్‌లో రెసిస్టర్ లేదు. కరెంటును అదుపులో పెట్టే, అర్ధ రూపాయో రూపాయో ఉండే ఆ చిన్న భాగం లేకపోవడం వల్లే రెండూ మాడిపోయాయి. పాపను టెన్షన్ పడవద్దని చెప్పండి, దీన్ని ఒక్క సాయంత్రంలో సరిచేసుకోవచ్చు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నేను చదివింది బీకాం, చేసే ఉద్యోగం అకౌంట్స్. ఈ పని నేర్చుకున్నది మా అక్క కొడుకుతో కలిసి. సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువు పెడుతుంది. ఒక ఏడాది వాడు అట్టతో చిన్న గుడి చేసి, "మావయ్యా, లోపల దీపం వెలగాలి" అన్నాడు. కరెంటుకి పెట్టే సీరియల్ లైట్లు వద్దనుకున్నాం. మెట్ల మీద బట్ట, గుడి అట్టది, చుట్టూ చిన్నపిల్లలు. బ్యాటరీ అయితే భయం లేదని గవర్నర్‌పేటలో స్పేర్ పార్టుల షాపుకి వెళ్లి ఎల్‌ఈడీలు అడిగాను. "రెసిస్టర్లు ఏ వేల్యూ ఇవ్వమంటారు?" అని ఆయన అడిగితే అక్కర్లేదని వచ్చేశాను. ఇంటికొచ్చి కలిపితే మీకు జరిగిందే జరిగింది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది, ఎల్‌ఈడీ లోపల నల్లటి చుక్క కనిపించింది. వాడి ముఖం చిన్నబోయింది. మర్నాడు మళ్లీ అదే షాపుకి వెళ్లి, ఈసారి అడిగి తెలుసుకున్నాను.

టార్చిలైట్‌లో ఉండే పాతకాలం బల్బు తనకు ఎంత కరెంటు కావాలో అంతే తీసుకుంటుంది. లోపలి తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటును అదే ఆపుతుంది. ఎల్‌ఈడీకి ఆ గుణం లేదు. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు అందేదాకా కరెంటు దాదాపు పారదు. అందాక మాత్రం వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ తట్టుకునేది 20 మిల్లీ ఆంపియర్ల దాకానే. 9 వోల్టులు నేరుగా ఇస్తే అంతకు ఎన్నో రెట్లు పారి మాడిపోతుంది. మా వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి బ్యారేజీ దగ్గర కాలువల లాకులు చూపించాను. లాకు ఎంత ఎత్తితే అంత నీరే కాలువలోకి వెళ్తుంది. అంతకు మించి వస్తే చాలు అని ఆపడం కాలువకు చేతకాదు. రెసిస్టర్ చేసే పని లాకు పనే.

ఎంత విలువ పెట్టాలన్నది పాప చేతే లెక్క వేయించండి. బ్యాటరీ 9 వోల్టులు. అందులో ఎర్ర ఎల్‌ఈడీ 2 తీసుకుంటుంది, మిగిలిన 7 రెసిస్టర్ మీద పడాలి. మనకు 15 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.015 ఆంపియర్ చాలు. 7ని 0.015తో భాగిస్తే సుమారు 467 ఓములు వస్తుంది, ఓము అంటే నిరోధానికి కొలత. దానికి దగ్గరగా షాపులో దొరికేది 470 ఓములది. పావు వాట్‌ది సరిపోతుంది, ఎందుకంటే దాని మీద వేడిగా పోయేది 0.1 వాట్ చిల్లర మాత్రమే. 470 దొరక్కపోతే వెయ్యి ఓములది, అదే వన్ కే, తీసుకోండి. అప్పుడు 7 మిల్లీ ఆంపియర్లే పారుతుంది, అయినా గదిలో చక్కగా కనిపిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను వన్ కే ఇస్తాను. తప్పు జరిగినా ఏదీ మాడిపోదు.

రెసిస్టర్ విలువను దాని ఒంటి మీది రంగు గీతలు చెబుతాయి. నాలుగు గీతలుండే రకంలో 470 ఓములకు పసుపు, ఊదా, బ్రౌన్ వరుసగా ఉండి చివర బంగారు గీత ఉంటుంది. వన్ కేకి బ్రౌన్, నలుపు, ఎరుపు. నీలం ఒంటితో ఐదు గీతలుండే రకం కూడా ఇస్తారు, వాటి రంగుల వరుస వేరు. ట్యూబ్‌లైట్ కింద ఎరుపు, బ్రౌన్ ఒకేలా కనబడతాయి, కాబట్టి మీటర్‌తో ఒకసారి కొలవడమే మంచిది. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. ఈ ఖర్చు వృథా కాదు, ఇంట్లో సెల్స్ అయిపోయాయో లేదో చూసుకోవడానికీ పనికొస్తుంది.

ఇక కాళ్ల సంగతి. ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్ వైపు, పొట్టి కాలు మైనస్ వైపు పెట్టాలి. కాళ్లు కత్తిరించేసి ఉంటే అడుగు అంచును వేలితో తడమండి, ఒకవైపు చదునుగా తగులుతుంది, అది మైనస్. తిరగేసి పెడితే వెలగదు. ఎల్‌ఈడీకి తిరగేసి ఇవ్వగల వోల్టేజీ సాధారణంగా 5 వోల్టులే కాబట్టి, 9 వోల్టుల మీద తిరగేసి ఎక్కువసేపు వదిలేయకండి. వెలగలేదనిపిస్తే వెంటనే మార్చి పెట్టండి. రెసిస్టర్‌కి ఈ తేడా లేదు, ఎటు తిప్పి పెట్టినా ఒకటే. అది ఎల్‌ఈడీకి ముందుండాలా, తర్వాతా అని చాలామంది అడుగుతారు. ఒకే దారిలో అన్నిచోట్లా అదే కరెంటు పారుతుంది కాబట్టి ఎక్కడున్నా సరే.

మీ దగ్గర బ్రెడ్‌బోర్డ్ ఉందన్నారు కాబట్టి ఒక్క విషయం నిదానంగా చెబుతాను, మా వాడు అరగంట తికమకపడింది ఇక్కడే. బోర్డును అడ్డంగా ముందు పెట్టుకోండి. నడుమ ఒక గాడి ఉంటుంది. గాడికి ఒకవైపు నిలువుగా ఉన్న ఐదు రంధ్రాలు లోపల ఒకే రేకుతో కలిసి ఉంటాయి. పక్క వరుసలోని ఐదింటికీ వీటికీ సంబంధం లేదు. గాడికి అవతలి ఐదూ వేరే. మా వాడు ఎల్‌ఈడీ రెండు కాళ్లూ ఒకే ఐదు రంధ్రాల వరుసలో గుచ్చాడు. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి, దీపం మాత్రం లేదు. రెండు కాళ్లూ ఒకే రేకు మీద ఉంటే కరెంటు ఎల్‌ఈడీలోకి వెళ్లకుండా రేకులోంచే పోతుంది. ఒక కాలు తీసి పక్క వరుసలో పెట్టగానే వెలిగింది. ఆ రోజు వాడు వంటింట్లో ఉన్న మా అమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. అంచుల్లో పొడుగునా ఉండే ఎరుపు, నీలం గీతల రంధ్రాలు బ్యాటరీ కోసం. కొన్ని బోర్డుల్లో ఆ గీత మధ్యలో తెగి ఉంటుంది, అక్కడ రెండు సగాలూ కలిసి ఉండవు.

కలిపే వరుస ఇది: బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ రెండో చివర నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి బ్యాటరీ మైనస్. బ్యాటరీ క్లిప్పును మాత్రం అన్నిటికంటే చివర తగిలించండి.

వెలిగాక అక్కడితో ఆపేయకండి, దయచేసి. మీటర్‌ను 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి పాప చేత మూడుచోట్ల కొలిపించండి. మాకు ఎల్‌ఈడీ మీద 1.97, రెసిస్టర్ మీద 7.41, బ్యాటరీ మీద 9.38 వచ్చాయి. మొదటి రెండూ కాగితం మీద కూడి మూడోది రాగానే మా వాడు మళ్లీ మొదటి నుంచి కొలిచాడు, నమ్మకం కుదరక. వోల్టేజీ పంచుకోవడం అంటే ఏమిటో నాకూ అప్పుడే కళ్లకు కట్టింది. మార్కుల కంటే ముఖ్యం ఇదని నా అభిప్రాయం. ప్రాజెక్టు చార్టు మీద ఈ మూడు అంకెలూ రాయించండి. కరెంటు ఎంతో తెలియాలంటే రెసిస్టర్ మీద వచ్చిన వోల్టులను 470తో భాగిస్తే చాలు, మాకు 15.8 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. మీటర్‌ను ఆంపియర్లలో పెట్టి నేరుగా బ్యాటరీకి ఆనించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది షార్ట్ సర్క్యూట్‌తో సమానం, మీటర్‌లో ఫ్యూజు పోవచ్చు.

ఒకటి వెలిగితే పాప తప్పకుండా మరిన్ని పెట్టమంటుంది. మా గుడికీ అదే అయింది. ఒకే రెసిస్టర్ చివర ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక తెల్లది పక్కపక్కనే కలిపాం. ఎర్రది వెలిగింది, తెల్లది చీకటి. తెల్లది పోయిందనుకుని మార్చాం, అదీ అంతే. విసుగొచ్చి ఎర్రదాన్ని పీకేస్తే తెల్లది ఠక్కున వెలిగింది! కారణం ఏమిటంటే, తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టుల పైచిలుకు కావాలి, పక్కన ఉన్న ఎర్రది మాత్రం ఆ వోల్టేజీని 2 దగ్గరే పట్టి ఉంచుతుంది. తెల్లది నిజానికి నీలం ఎల్‌ఈడీయే, దాని మీద పసుపు వెలుగిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. కంటికి కనిపించే ఎర్ర వెలుగు ఎల్‌ఈడీని 1962లో నిక్ హోలోన్యాక్ చేసి చూపించాడు. బాగా వెలిగే నీలందాన్ని సాధించడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. దానికి అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మీ ఇంట్లో ఇవాళ వెలిగే ఎల్‌ఈడీ బల్బు వెనక ఉన్నది ఆ నీలమే. పాపకు ఈ మాట కూడా చెప్పండి, పిల్లలు ఇష్టంగా వింటారు.

అందుకని పక్కపక్కన కలిపేటప్పుడు ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్ విడిగా ఉండాలి. ఒకే రంగువైనా సరే, రెండు ఎల్‌ఈడీలు అచ్చంగా ఒకేలా ఉండవు, ఏదో ఒకటి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. ఒకదాని వెనక ఒకటి పెడితే ఒక్క రెసిస్టరే చాలు. మూడు ఎర్రవాటికి 6 వోల్టులు పోగా 3 మిగులుతుంది, 220 ఓములు పెడితే 13 మిల్లీ ఆంపియర్ల పైన పారుతుంది, అదే కరెంటుతో మూడూ వెలుగుతాయి. తెల్లవి మూడు అలా పెడితే 9 వోల్టులు చాలవు.

బ్యాటరీ గురించి కూడా చెప్పాలి. గుడిలో నాలుగు తెల్ల ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 470 ఓములు పెట్టి 9 వోల్టులకు కలిపాం. భోగి సాయంత్రం కళకళలాడాయి. పండగ రోజు రాత్రి, పేరంటానికి వచ్చినవాళ్లు ఇంకా కూర్చుని ఉండగానే మసకబారాయి. నాలుగూ కలిసి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయి. మంచి ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీలో ఉండేదే 500 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే పది గంటలు. మేం పెట్టింది మామూలుది, అంత కూడా రాలేదు. పైగా 9 వోల్టుల్లో ఎల్‌ఈడీ వాడుకునేది 3, తక్కినదంతా రెసిస్టర్‌లో వేడిగా పోతోంది.

కనుమ నాడు గోడ గడియారంలో వేసే సెల్స్ మూడు పట్టే హోల్డర్‌కు మార్చాం. మొత్తం 4.5 వోల్టులు, ఒక్కో తెల్లదానికి 100 ఓములు. ఆ సైజు ఆల్కలైన్ సెల్‌లో 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల పైనే ఉంటుంది. కొలువు ఎత్తేసేదాకా వెలిగాయి, ఆ సెల్స్ తర్వాత మళ్లీ గడియారంలోకే వెళ్లాయి. మీ పాపకు ఒక్క ఎర్ర ఎల్‌ఈడీ చాలు కాబట్టి ఉన్న 9 వోల్టుల బ్యాటరీతోనే కానివ్వండి. రోజంతా వెలగాలంటే మాత్రం సెల్స్‌కి మారండి.

జాగ్రత్తల్లో రెండు. 9 వోల్టుల బ్యాటరీకి రెండు మొనలూ పక్కపక్కనే ఉంటాయి. చిల్లర, తాళాలు ఉన్న పౌచ్‌లో వేస్తే అవి తగిలి బ్యాటరీ బాగా వేడెక్కుతుంది, మొనల మీద టేపు అంటించి పంపండి. రెండోది, చిన్న బిళ్ల సెల్‌తో ఎల్‌ఈడీ రెసిస్టర్ లేకుండానే వెలుగుతుందని ఎవరైనా చెబుతారు. నిజమే, ఆ సెల్ లోపలి నిరోధమే కరెంటును ఆపుతుంది. కానీ ఇంట్లో పసిపిల్లలుంటే అవి వద్దండి. మింగితే ప్రాణం మీదికొస్తుంది, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

గుంటూరులో దొరక్కపోతే రెసిస్టర్లు ఆన్‌లైన్‌లో పది, ఇరవై కలిపి అమ్ముతారు. 470, వన్ కే, 100 ఓములవి తీసుకోండి. కలిపాక వెలగకపోతే ముందు బ్యాటరీ వోల్టులు, తర్వాత ఎల్‌ఈడీ కాళ్ల మధ్య వోల్టులు కొలిచి ఇక్కడ రాయండి. కాళ్ల మధ్య సున్నా చూపిస్తే రెండూ ఒకే వరుసలో ఉండి ఉంటాయి, లేదా ఎక్కడో వైరు వదులైంది. దాదాపు 9 చూపిస్తే ఎల్‌ఈడీ తిరగబడి ఉంది, లేదా మాడిపోయింది. ఆ అంకె ఎంతో తెలిస్తే మిగతాది నేను చెబుతాను.