ముప్పై బాత్‌ల వైద్యం వెనుక ఇరవై ఏళ్ల పని

ప్రశ్న: థాయిలాండ్‌లో ముప్పై బాత్‌లు చెల్లిస్తే చాలు, ప్రభుత్వాసుపత్రిలో ఏ జబ్బుకైనా చికిత్స చేసేవారని చదివాను. మరీ సంపన్న దేశం కాకపోయినా వారికి అది ఎలా సాధ్యమైంది? మన ఆరోగ్యశ్రీకీ దానికీ తేడా ఏమిటి?
— ఒక ఉపాధ్యాయురాలు, నర్సీపట్నం

జవాబు: మీరు చదివింది చాలావరకు నిజమే. ‘ఏ జబ్బుకైనా’ అన్న మాట మాత్రం సరికాదు. ఆ సంగతి మూడో ప్రశ్నలో వస్తుంది. 2001 ఏప్రిల్‌లో ఆరు ప్రావిన్సుల్లో మొదలైన ఆ పథకం ఏడాది తిరిగేసరికి దేశమంతటా అమలైంది. అప్పటికి థాయిలాండ్ తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 1,900 డాలర్లే, పైగా 1997 నాటి ఆర్థిక సంక్షోభం నుంచి దేశం ఇంకా తేరుకుంటూనే ఉంది. ప్రభుత్వోద్యోగులకూ కంపెనీల ఉద్యోగులకూ వేరే ఏర్పాట్లు ఉండగా, మిగిలిన 4 కోట్ల 70 లక్షల మందిని దీని కిందికి తెచ్చారు.

అయితే పథకం కంటే ముందు జరిగిన పనే నా దృష్టిలో ముఖ్యమైనది. 1982 నుంచి 1986 వరకు పట్టణాల్లో కొత్త ఆసుపత్రుల నిర్మాణానికి పెట్టుబడిని నిలిపివేసి, ఆ డబ్బును మన తాలూకాల వంటి ప్రాంతాల్లోని చిన్న ఆసుపత్రులకూ, వాటి కింద ఉండే ఉప కేంద్రాలకూ మళ్లించారు. రాజధానిలోని పెద్దల ఒత్తిడిని తట్టుకొని ఒక పేద దేశం ఐదేళ్ల పాటు ఆ మాట మీద నిలబడడం చిన్న విషయం కాదు. అందువల్లనే 2001లో చికిత్స హక్కు ప్రకటించేనాటికి, ఆ హక్కును పట్టుకుని రోగి వెళ్లడానికి దగ్గరలో ఒక ఆసుపత్రి, అందులో డాక్టరూ నర్సులూ మందులూ ఉన్నారు.

ఇక ఆరోగ్యశ్రీతో తేడా డబ్బు ఇచ్చే తీరులో ఉంది. అక్కడ ఈ పథకంలోని ప్రతి ఒక్కరి పేరూ తన ఇంటికి దగ్గరి ఆసుపత్రిలో నమోదవుతుంది. రోగి వచ్చినా రాకపోయినా తలకు ఇంత అని ఆ ఆసుపత్రి పరిధికి ఏటా నిధులు అందుతాయి. 2002లో అది తలకు 1,202 బాత్‌లు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ చొప్పున చెల్లిస్తుంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే అవస్థ నుంచి అది ఎన్నో కుటుంబాలను కాపాడింది, ఆ మేలును తక్కువ చేయలేను. కానీ జబ్బు ముదరకముందు చేయవలసిన పనికి అందులో చోటు తక్కువ.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజుల్లో ఒక పెద్దావిడ బీపీ బిళ్లల కోసం ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చేది. ఖాళీ అయిన షీటును కొంగున ముడివేసి తెచ్చి, ఏ బిళ్లలు కావాలో చూపించేది. సరుకు తక్కువగా ఉన్నప్పుడు ఫార్మసిస్టు పది బిళ్లల షీటును కత్తెరతో రెండుగా కోసి, ఐదు ఆమెకూ ఐదు వెనకనున్న మనిషికీ ఇచ్చేవాడు. ఐదు రోజులకోసారి అంత దూరం ఎవరు నడుస్తారు? కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది. తర్వాత పక్షవాతం వచ్చి పట్టణంలోని ఆసుపత్రిలో చేరిందని తెలిసింది. ఆ చికిత్సకు ప్రభుత్వం వెచ్చించిన డబ్బుతో ఆమెకు ఎన్నేళ్ల బిళ్లలు వచ్చేవో నేను ఇప్పటికీ లెక్క వేసుకుంటూ ఉంటాను.

ప్రశ్న: పల్లెల్లో డాక్టర్లు ఉండనప్పుడు ఎన్ని భవనాలు కట్టి ఏం లాభం?
— విశ్రాంత పంచాయతీ కార్యదర్శి, మహబూబాబాద్

జవాబు: ఈ బాధ థాయిలాండ్ కూడా పడింది. చదువు పూర్తయిన డాక్టర్లు మూడేళ్లు ప్రభుత్వ సేవ చేయాలన్న నిబంధన 1972 నుంచే ఉన్నా, జరిమానా కట్టి వెళ్లిపోయినవారు లేకపోలేదు. నిర్బంధం ఒక్కటే చాలదని గ్రహించి మారుమూల భత్యాలు ఇచ్చారు, గ్రామీణ ప్రాంతాల విద్యార్థులకు వైద్య కళాశాలల్లో ప్రత్యేకంగా సీట్లు కేటాయించారు. 1978లో గ్రామీణ వైద్యులు సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. ముప్పై బాత్‌ల పథకానికి రూపమిచ్చిన డాక్టర్ సంగువన్ నిత్యారంఫోంగ్ కూడా సిసాకెట్ ప్రావిన్సులోని రాసీ సలై అనే చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసినవారే. పల్లె రోగి కష్టాన్ని కళ్లారా చూసినవారు ప్రణాళిక రాయడానికి కూర్చున్నారు కాబట్టే, అది పల్లెకు పనికివచ్చేలా తయారైందని నా నమ్మకం.

ప్రశ్న: మా ఉద్దానంలో కిడ్నీ రోగులు డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం చేస్తున్నారు. థాయిలాండ్‌లో దీనికేం చేశారు?
— కళాశాల విద్యార్థి, కవిటి

జవాబు: తొలి ఏళ్లలో డయాలసిస్‌ను ఆ పథకంలో చేర్చనేలేదు. ఖర్చు భరించలేమని ప్రభుత్వం నిజాయతీగానే చెప్పినా, ఆ మాట రోగుల కుటుంబాలకు ఎంత కఠినమైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. 2008లో చేర్చినప్పుడు, యంత్రంతో పనిలేకుండా ఇంట్లోనే పొట్టలోని పొర ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌కు మొదటి ప్రాధాన్యం ఇచ్చారు. సాధారణంగా రోజుకు నాలుగు సార్లు, సుమారు రెండు లీటర్ల ద్రవం సంచిని మేకుకు తగిలించి, పాత ద్రవాన్ని బయటికి వదిలి కొత్తది ఎక్కించుకోవాలి. ఆ బరువైన సంచుల పెట్టెలను తపాలా శాఖ ద్వారా ఇంటికే చేర్చేవారు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది 2022లో రోగి, వైద్యుల నిర్ణయానికి వదిలారు.

మన దగ్గర ఈ పద్ధతి పెట్టాలంటే సంచులు పంపితే సరిపోదు. చేతులు కడుక్కోవడానికి శుభ్రమైన నీరు, దుమ్ము పడని ఒక మూల, ఇంట్లో నేర్చుకోగల ఒక మనిషి ఉండాలి. పొట్టలో ఇన్ఫెక్షన్ సోకితే ప్రాణాపాయం కాబట్టి, ద్రవం మబ్బుగా కనిపించిన రోజునే చూసే నర్సు దగ్గరలో ఉండాలి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మీ ఊరి నుంచి ఎవరైనా అక్కడికి వెళ్తుంటే, ఇంటి డయాలసిస్ వారి శరీరానికి సరిపడుతుందో లేదో డాక్టరును అడగమని చెప్పండి.