సిక్స్‌లైన్ రాస్ మిగతా చేపల్ని తరుముతుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 150 లీటర్ల రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్లలో బతికున్న పగడాలు, అంటే కోరల్స్, పెంచే అక్వేరియం), అందులో ముందునుంచీ రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక ఫైర్‌ఫిష్. కోరల్స్ మీద తుప్పు రంగు ఫ్లాట్‌వర్మ్స్ (చదునుగా ఉండే బుల్లి పురుగులు) కనిపిస్తే, వాటిని తినేస్తుందని ఎవరో చెప్పడంతో సిక్స్‌లైన్ రాస్ అనే, ఒంటి మీద ఆరు గీతలుండే చిన్న చేపను తెచ్చి వేశారు. కొన్ని వారాలు బుద్ధిగానే ఉంది. ఇప్పుడు ఫైర్‌ఫిష్ తిండికి కూడా బయటికి రావడం లేదు. రాస్ దానంతటదే సర్దుకుంటుందా, తీసేయాలా, ఈలోగా రాయల్ గ్రామా అనే ఇంకో చిన్న చేపను వేసుకోవచ్చా అని అడిగారు.

సర్దుకోదు. ఫైర్‌ఫిష్, సిక్స్‌లైన్ రెండిట్లో ఏదో ఒకదాన్ని తీయాల్సిందే. పట్టుకోవడం తేలిక కాబట్టి నేనైతే ఫైర్‌ఫిష్‌కే వేరే చోటు చూస్తాను. గ్రామా ఆలోచన మాత్రం పూర్తిగా వదిలేయండి.

నా దగ్గర సిక్స్‌లైన్ చాలా ఏళ్లుగా ఉంది. ఇప్పుడున్న ట్యాంక్‌లో అన్ని చేపల తర్వాత చివర్లో వేశాను, గొడవ లేదు. అంతకుముందున్న చిన్న ట్యాంక్‌లో అది ఎలా ఉండేదో కూడా చూశాను కాబట్టి, చేప మారలేదనీ, దాని చుట్టూ ఉన్న స్థలం, మిగతా చేపలు వచ్చిన వరుస మాత్రమే మారాయనీ గట్టిగా చెప్పగలను.

మీరు చూస్తున్న మార్పు ఈ చేప విషయంలో మామూలే. కొత్తగా వచ్చిన సిక్స్‌లైన్ రాళ్ల సందుల్లో తిరుగుతూ ముఖం చాటేస్తుంది. ఆ వారాల్లో అది ఖాళీగా ఉండదు. ఏ కన్నంలోంచి ఎక్కడికి దారి ఉందో, ఎక్కడ పడుకోవచ్చో, తిండి ఏ మూల పడుతుందో అన్నీ తెలుసుకుంటూ ఉంటుంది. అదంతా తెలిశాక ట్యాంక్ మొత్తం తనదే అనుకుంటుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే.

సముద్రంలో వీటి ఇల్లు కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాల మధ్య ఉంటుంది. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్‌లోని టువామోటు దీవుల దాకా కనిపిస్తాయి, కానీ ఈదుతుండగా చూడాలంటే ఓపిక కావాలి, ఎందుకంటే ఎప్పుడూ కొమ్మల మధ్యే మెసలుతుంటాయి. ఎంత పెరిగినా 10 సెంటీమీటర్లు దాటవు, ట్యాంకుల్లో అంతకంటే చిన్నవే ఎక్కువ. ఇంత చిన్న చేప తన చోటు కాపాడుకోవాలంటే పొగరు ఉండాల్సిందే మరి. అక్కడ అది ఎవర్నైనా తరిమితే, ఆ చేప పక్క పగడానికి వెళ్లిపోతుంది, గొడవ అక్కడితో ఆగిపోతుంది. మన ట్యాంక్‌లో పక్క పగడం ఉండదు. ఓడిపోయిన చేప మళ్లీ మళ్లీ దాని కంట పడుతూనే ఉంటుంది, అది మళ్లీ మళ్లీ తరుముతూనే ఉంటుంది. "కొట్టుకుని కొట్టుకుని వాటికవే సర్దుకుంటాయి" అనే సలహా ఈ చేపకు పనికిరానిది అందుకే.

తరమడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూస్తే, చాలామంది అనుకున్నట్టు కొరకడంతో మొదలవదు. అవతలి చేపకు కాస్త పక్కగా వచ్చి ఆగుతుంది. రెక్కలన్నీ విప్పి, ఒళ్లు కొంచెం వంచి, ఆకుపచ్చ తోకను అటువైపు చూపిస్తుంది. తోక మొదట్లో పైన ఉన్న ఆ నల్లటి చుక్క కన్నులాగే కనిపిస్తుంది. అవతలిది కదలకపోతే సర్రున దూసుకెళ్లి, తాకీ తాకకుండా వెనక్కి వస్తుంది. ఫైర్‌ఫిష్ వెన్ను మీది పొడవాటి ముల్లును టకటకా ఆడిస్తూ వెనక్కి జరుగుతుంది, తర్వాత కన్నంలోకి దూరిపోతుంది. చూసేవాళ్లకు ఇది ఆటలా ఉంటుంది. రెక్కలు చిరగలేదు కదా అని ఊరుకుంటాం. కానీ ఫైర్‌ఫిష్‌కి దెబ్బలకంటే పస్తులే ఎక్కువ ప్రమాదం. అది నీళ్ల మధ్యలో నిలబడి, కొట్టుకొచ్చే తిండిని అందుకుని బతికే చేప. కన్నంలోనే కూర్చుంటే దాని నోటికి ఏమీ రాదు. పైగా బెదిరితే ట్యాంక్‌లోంచి ఎగిరి దూకేస్తుంది కూడా. మీ ట్యాంక్‌కి మూత ఉందో లేదో చెప్పలేదు. లేకపోతే మిగతా పనులన్నీ పక్కనబెట్టి ముందు సన్నని మెష్ వేయండి, వైర్లు దిగే సందులతో సహా. సిక్స్‌లైన్ కూడా దూకే చేపే.

ఎవరి మీదికి వెళ్తుంది, ఎవర్ని వదిలేస్తుంది అన్నది కొంతవరకు ముందే చెప్పొచ్చు. తనలాగే సన్నగా, చిన్నగా ఉండి, రాళ్ల దగ్గరే తిరుగుతూ, చిన్న చిన్న పురుగుల్ని ఏరుకుని తినే ప్రతిదీ దాని దృష్టిలో పోటీయే. ఇతర రాస్‌లు, ముఖ్యంగా కొత్తగా వచ్చిన ఫ్లాషర్, ఫెయిరీ రాస్‌లు, చిన్న గోబీలు, డార్ట్‌ఫిష్ (మీ ఫైర్‌ఫిష్ ఈ రకమే), అసెసర్లు, ఇలాంటి చిన్న చేపలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మీ రాయల్ గ్రామా కూడా ఇందులోదే, పైగా తన కన్నం కోసం అదీ నోరు తెరిచి ఎదురుతిరిగే రకం. 150 లీటర్లలో ఈ రెండూ ఉంటే రోజంతా రణరంగమే. క్లౌన్‌ఫిష్‌లకు సొంత మూల ఉంటుంది, అందులోకి ఎవరొచ్చినా తరుముతాయి, అందుకే సిక్స్‌లైన్ వాటి జోలికి పెద్దగా వెళ్లదు. పెద్ద ట్యాంకుల్లో ఉండే, నాచు తినే ట్యాంగ్ చేపలను అసలు పట్టించుకోదు. రెండో సిక్స్‌లైన్‌ని మాత్రం ఎంత పెద్ద ట్యాంకైనా వేయకండి. నాలుగు గీతలది, ఎనిమిది గీతలది ఉన్నాయి చూడండి, అవి దగ్గరి చుట్టాలు, చుట్టరికం వల్ల గొడవ తగ్గదు, పెరుగుతుంది.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. సిక్స్‌లైన్ ఉన్న ట్యాంక్‌లో ముందొచ్చినవే వాడి. అది చివర్లో వస్తే పాతవాళ్లను చూసి కాస్త తగ్గి ఉంటుంది. దాని తర్వాత ఎవరొచ్చినా వాళ్ల పని అయిపోయినట్టే. మీ ట్యాంక్‌లో అది ఫైర్‌ఫిష్ తర్వాతే వచ్చింది, అయినా గొడవ మొదలైందంటే స్థలం చాలడం లేదని అర్థం. ఫైర్‌ఫిష్‌కి పాతవాడినన్న ధీమా ఉన్నా, ఎదురుతిరిగే స్వభావం లేదు.

ఇక పట్టుకోవడం. వలతో ప్రయత్నించకండి. రాళ్లన్నీ కదిలిపోయి, కోరల్స్ విరిగి, చివరికి చేప దొరకదు, మీకు టెన్షన్ మిగులుతుంది. పారదర్శకమైన ట్రాప్ బాక్స్ వాడండి. తలుపు తెరిచే ఉంచి, కొన్ని రోజులు మైసిస్ (చేపలకు వేసే బుల్లి రొయ్యల్లాంటి తిండి) దాని లోపలే వేయండి. సిక్స్‌లైన్ తెలివైనది, మొదట చుట్టూ తిరిగి చూస్తుంది, తర్వాత లోపలికి తల పెట్టి ఒక ముక్క లాక్కుని పారిపోతుంది. అప్పుడే తలుపు వేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. ఒకసారి తప్పించుకుంటే మళ్లీ ఆ డబ్బా మొహం చూడదు. తీరిగ్గా లోపల తిరుగుతూ తినే రోజు దాకా ఎదురుచూసి అప్పుడు వేయండి. ఫైర్‌ఫిష్ అయితే రాత్రి ఏ కన్నంలోకి వెళ్తుందో గుర్తుపెట్టుకుంటే చాలు. అది మళ్లీ మళ్లీ అదే కన్నంలోకి వెళ్తుంది, ఆ ఒక్క రాయిని ఎత్తితే పని అవుతుంది.

రెండిటినీ ఉంచుకోవాలనే మీరు పట్టుబడితే ఒక దారి ఉంది, కానీ హామీ ఇవ్వలేను. సిక్స్‌లైన్‌ని పట్టి, రంధ్రాలున్న అక్రిలిక్ బాక్స్‌లో పెట్టి, అదే ట్యాంక్‌లో వేలాడదీయండి. బాక్స్‌లో ఉండాల్సింది తరిమే చేప, తరిమించుకునేది కాదు. పది పదిహేను రోజులు ఫైర్‌ఫిష్ హాయిగా తిని, తిరిగి, ఒళ్లు చేసుకోనివ్వండి. ఈలోగా రాళ్ల అమరికను మార్చండి, సిక్స్‌లైన్ పడుకునే చోటును తప్పకుండా మార్చండి. వదిలాక మళ్లీ మొదట్నుంచీ దారులు వెతుక్కోవాలి, ఆ అయోమయంలో కొన్నాళ్లు తగ్గి ఉంటుంది. పెద్ద ట్యాంకుల్లో ఇది బాగా పనిచేయడం చూశాను. మీ సైజులో నాకు పెద్ద ఆశ లేదు. గాజుకు బయట అద్దం ఆనించి పెట్టే చిట్కా కూడా చెబుతుంటారు. కొత్త చేపను వేసిన గంటా రెండు గంటలు సిక్స్‌లైన్ ధ్యాస మళ్లించడానికి పనికొస్తుంది, రోజంతా ఉంచితే తన నీడతోనే కొట్లాడి అలిసిపోతుంది.

తిండి మాత్రం ఏ దారిలో వెళ్లినా ముఖ్యం. రోజుకు ఒకేసారి గుప్పెడు వేసేకంటే, రెండు మూడు సార్లు కొంచెం కొంచెం, ట్యాంక్ రెండు చివర్లా వేయండి. ఆకలిగా ఉన్న సిక్స్‌లైన్ మరీ చిరాకుగా ఉంటుంది.

మీరు దాన్ని తెచ్చిన అసలు కారణం గురించి కూడా రెండు మాటలు. ఫ్లాట్‌వర్మ్స్‌ని కొన్ని సిక్స్‌లైన్‌లు ఇష్టంగా తింటాయి, కొన్ని వాటి వైపే చూడవు. నాది రెండో రకం. నీళ్లు మార్చేటప్పుడు సన్నటి పైపుతో పీల్చి తీసేయడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. మందు వేయాలనుకుంటే ముందు వీలైనన్ని పీల్చేయండి, తర్వాత నీళ్లను శుభ్రం చేసే యాక్టివేటెడ్ కార్బన్ సిద్ధంగా పెట్టుకోండి, ఎందుకంటే అవి ఒక్కసారిగా చచ్చినప్పుడు నీళ్లలోకి విషం వదులుతాయి. పెద్ద ఆల్చిప్పల్ని పట్టి పీల్చే చిన్న తెల్ల నత్తల్ని మాత్రం సిక్స్‌లైన్ బాగానే ఏరేస్తుంది. బ్రిసిల్ వర్మ్స్ (ఒంటి నిండా ముళ్లలాంటి వెంట్రుకలుండే పురుగులు)లో చిన్నవాటినే తింటుంది. చేపలకు వచ్చే తెల్ల మచ్చల జబ్బును ఇది తగ్గిస్తుందనే మాట నమ్మకండి, మిగతా చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని ఏరే క్లీనర్ రాస్ వేరు, ఇది వేరు. ఇంకో సంగతి, ఎప్పుడైనా మాండరిన్ చేపను వేయాలనుకుంటే, ఈ చేప ఉన్న చిన్న ట్యాంక్‌లో అది ఆకలితో చిక్కిపోతుంది. మాండరిన్ బతికేది ముఖ్యంగా కోపిపాడ్స్ అనే కంటికి ఆనీ ఆనని నీటి జీవుల మీదే, సిక్స్‌లైన్ వాటిని మిగల్చదు. సెక్సీ ష్రింప్ లాంటి బుల్లి రొయ్యలకూ అదే గతి.

ఇంతా చెప్పాను గానీ, ఈ చేపంటే నాకు చాలా ఇష్టం. అది వేటాడే తీరు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. పక్క రెక్కలు మాత్రమే ఆడిస్తూ రాయి ముందు నిలబడుతుంది. తల ఒక పక్కకు వంచి ఒక కంటితో చూస్తుంది, మళ్లీ రెండో పక్కకు వంచి ఇంకో కంటితో. తర్వాత టక్కున ఒక పొడుపు. అక్కడ మనకు కనిపించేది ఏమీ ఉండదు, దానికి కనిపిస్తుంది. ఈ జాతి చేపల కంటి పైపొర మధ్యలో రెండు భాగాలుగా ఉంటుంది, దగ్గరి వస్తువుల్ని స్పష్టంగా చూడటానికి అది పనికొస్తుందని అంటారు. లైట్లు తగ్గుతున్నప్పుడు ప్రతి సాయంత్రం ఒకే దారిన ఒకే సందులోకి వెళ్లి, ఒంటి చుట్టూ పల్చని జిగురు సంచి అల్లుకుని పడుకుంటుంది. కొన్ని రాస్‌లలాగా ఇసుకలో దూరదు. పొద్దున్నే ఆ సంచి ముక్క నీళ్లలో తేలుతుంటే జబ్బేమోనని కంగారు పడకండి.

ఫ్లాట్‌వర్మ్స్ కోసమే రాస్ కావాలనుకుని, సిక్స్‌లైన్‌ని ఇచ్చేస్తే, దాని బదులు పోసమ్ రాస్ చూడండి. అంత దూకుడు లేదు, 150 లీటర్లలో సరిపోతుంది. కాకపోతే సిగ్గు ఎక్కువ, మొదట్లో తిండికి బతిమాలాలి, పురుగుల్ని ఏరడంలో సిక్స్‌లైన్ అంత చురుకు కాదు. పసుపు పచ్చ హాలికోయిరిస్ రాస్ ఇంకా పనిమంతురాలు, కానీ అది రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, పైగా మీ ట్యాంక్‌కంటే పెద్దది కావాలి.

సిక్స్‌లైన్‌ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు వాళ్ల దగ్గర ఏ చేపలున్నాయో, ఇంకా ఏవి కొనాలనుకుంటున్నారో అడగండి. ఇంకో రాస్ పేరు చెబితే వేరే వాళ్లను వెతకండి. ఫైర్‌ఫిష్‌ని ఇచ్చేస్తే, ట్యాంక్‌లో క్లౌన్‌ఫిష్‌లు, సిక్స్‌లైన్, అంతే, ఇంక కొత్త చేప వద్దు. ఇవాళ్టికి మాత్రం చిన్న సిరంజితో మైసిస్ నేరుగా ఫైర్‌ఫిష్ కన్నం ముందుకు వదలండి, తింటోందో లేదో చూసి ఇక్కడే రాయండి.