టెక్ సందేహాలు: యాప్‌లో థైరాయిడ్ మాత్ర కనిపించడం లేదు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటాం. నేను థైరాయిడ్‌కీ బీపీకీ మాత్రలు వేసుకుంటాను. ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లో రిపీట్ ప్రిస్క్రిప్షన్, అంటే రోజూ వాడే మందుల కోసం మళ్లీ ఆర్డర్, పెడదామంటే బీపీ మాత్ర ఒక్కటే కనిపిస్తోంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా అంతే. ఇల్లు మారాక కూడా మందులు పాత ఫార్మసీకే వెళ్తున్నాయి.

జవాబు: యాప్ ఎన్నిసార్లు వేసుకున్నా మార్పు ఉండదు. ఆ జాబితా ఉండేది మీ ఫోన్‌లో కాదు, జీపీ సర్జరీ (మీ ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్) కంప్యూటర్‌లో. అక్కడ ఉన్నదే యాప్ చూపిస్తుంది. మందు కనిపించకపోవడానికి సాధారణంగా మూడు కారణాలు: డాక్టర్ దాన్ని రిపీట్‌లో పెట్టకుండా ఒక్కసారికే రాసి ఉండవచ్చు, రివ్యూ (మందు కొనసాగించవచ్చో లేదో సర్జరీ చూసే) తేదీ దాటిపోయి ఉండవచ్చు, లేదా పోయినసారి తీసుకుని ఇంకా ఎన్నో రోజులు కాకపోవచ్చు. థైరాయిడ్ మందు విషయంలో నేను ముందు అనుమానించేది రివ్యూనే. ఏడాదికోసారి చేయించుకునే రక్తపరీక్ష బాకీ పడితే సర్జరీ కొత్త ప్రిస్క్రిప్షన్ ఆపవచ్చు.

సర్జరీకి ఫోన్ చేసి ‘యాప్ పనిచేయట్లేదు’ అనకండి, మిమ్మల్ని యాప్ హెల్ప్ పేజీకి పంపేస్తారు. ‘లెవోథైరాక్సిన్ నా రిపీట్ లిస్టులో ఉందా? రివ్యూ డేట్ దాటిందా? బ్లడ్ టెస్ట్ బాకీ ఉందా?’ అని అడగండి. మందు పేరు అలాగే చెప్పాలి. మన దగ్గరి థైరోనార్మ్ అక్కడ లెవోథైరాక్సిన్, గ్లైకోమెట్ మెట్‌ఫార్మిన్, టెల్మా టెల్మిసార్టన్.

ఫార్మసీని యాప్‌లోని ప్రిస్క్రిప్షన్స్ విభాగంలోనే మార్చుకోవచ్చు. సర్జరీకి కొత్త చిరునామా చెప్పినంత మాత్రాన ఫార్మసీ మారదు, అది వేరే నమోదు. ముందు ఫార్మసీ మార్చి, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టండి. ఇప్పటికే పాత షాపువాళ్లు తమ కంప్యూటర్‌లోకి దింపుకున్న ప్రిస్క్రిప్షన్ ఉంటే, దాన్ని సిస్టమ్‌లోకి వెనక్కి పంపమని వాళ్లనే అడగాలి. అప్పుడే కొత్త షాపు దాన్ని తీసుకోగలదు.

ఆర్డర్ ఎప్పుడు పెట్టాలంటే, వారానికి సరిపడా మాత్రలు మిగిలి ఉండగానే. పెట్టె 28 మాత్రలది, షీటుకు 14 చొప్పున ఉంటే, రెండో షీటు సగానికి వచ్చిన రోజు. సర్జరీలు చాలావరకు రెండు పనిదినాలు అడుగుతాయి, ఆపైన ఫార్మసీ సమయం. శని, ఆదివారాలూ బ్యాంకు సెలవులూ లెక్కలోకి రావు. ఈస్టర్‌కూ క్రిస్మస్‌కూ ఇంకా ముందే పెట్టండి.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కడుతున్నారేమో, 2024 మే నుంచి ఇదే రేటు. థైరాయిడ్ తక్కువగా ఉండి లెవోథైరాక్సిన్ వాడేవాళ్లకు మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ (మందుల ఛార్జీ మినహాయింపు పత్రం) వస్తుంది. సర్జరీలో ఎఫ్‌పీ92ఏ ఫారం అడగండి. అది వస్తే బీపీ మాత్రతో సహా మందులన్నీ ఉచితం, ఐదేళ్లపాటు. మాత్రలతో షుగర్ అదుపు చేసుకునేవాళ్లకూ ఇది వర్తిస్తుంది, ఆహార నియమాలతోనే సరిపెట్టుకునేవాళ్లకు కాదు. సర్టిఫికెట్ రాకముందే ఉచితమని టిక్ పెడితే జరిమానా పడవచ్చు. అందాకా డబ్బు కట్టి, కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడిగి తీసుకోండి. తర్వాత అడిగితే ఇవ్వరు, అది లేకుండా డబ్బు వెనక్కి రాదు. ఈ మినహాయింపు లేనివాళ్లు ఏడాదికి 11 మందులు దాటితే, ఏడాది ఛార్జీ మొత్తం ముందే కట్టే 114.50 పౌండ్ల ప్రీపేమెంట్ సర్టిఫికెట్ తీసుకోవడమే లాభం.

ప్రశ్న: మా అత్తయ్యకు ఫోన్ వాడటం రాదు. ఆవిడ లాగిన్‌తో నేనే మందులు ఆర్డర్ చేయవచ్చా?

జవాబు: వద్దండీ. ఆవిడ తరఫున మందులు తెప్పించుకోవడానికి ‘ప్రాక్సీ యాక్సెస్’ కావాలని సర్జరీలో అడగండి. ఆవిడ ఒప్పుకోవాలి, సర్జరీ మీ ఇద్దరి గుర్తింపూ చూస్తుంది. ఆ తర్వాత మీ యాప్‌లోనే ఆవిడ ప్రొఫైల్‌కు మారి ఆర్డర్ పెట్టవచ్చు. ఏ మందు ఎవరు అడిగారో రికార్డులో ఉంటుంది, పొరపాటున మీ మాత్రలు ఆవిడ పేరు మీద వెళ్లే ప్రమాదమూ ఉండదు. ఆవిడకు 60 దాటితే ఛార్జీ లేదు.

ప్రశ్న: శనివారం సాయంత్రం మాత్రలు అయిపోయాయి. సర్జరీ మూసి ఉంది.

జవాబు: యాప్‌లో ఆర్డర్ పెట్టినా సోమవారం దాకా దాన్ని చూసేవాళ్లు ఉండరు. ఎన్‌హెచ్ఎస్ సహాయ సేవ 111 ఆన్‌లైన్‌లో అత్యవసర ప్రిస్క్రిప్షన్ అడగండి, లేదా 111కు ఫోన్ చేయండి. తెరిచి ఉన్న ఫార్మసీకి పంపుతారు. ఖాళీ షీటు గానీ పాత పెట్టె మీది లేబుల్ గానీ వెంట తీసుకెళ్లండి. మందు పేరు, మోతాదు నోటితో చెప్పడం కంటే అది చూపిస్తే పని త్వరగా అవుతుంది.